పిల్లి శాపాలు

"ఈమధ్య ఇంట్లో కొత్తగా ఏమైనా మారిందా?" అని అడిగారు డాక్టరు గారు.

అప్పటికి రాత్రి పదిన్నర. స్టీలు బల్ల మీద మా బెల్లం పడుకుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళ మగపిల్లి, ఒళ్ళంతా పాత బెల్లం రంగు. పొద్దుటినుంచీ లిట్టర్ ట్రేలోకి వెళ్ళడం, కూచోవడం, ఏమీ రాక లేచి వచ్చేయడం. సాయంత్రానికి ట్రేలో ఒక్క చుక్క, అదీ ఎర్రగా. అప్పటిదాకా నేను మలబద్ధకం అనుకుని గుమ్మడికాయ ఉడికించి పెడుతున్నాను. డాక్టరు గారు పొట్ట ఒక్కసారి నొక్కి చూసి, "మూత్రం ఆగిపోయిందమ్మా. రేపటిదాకా చూసుంటే ప్రాణం మీదకి వచ్చేది" అన్నారు. మగపిల్లులకి మూత్రనాళం సన్నగా ఉంటుంది. బెదురూ దిగులూ ఎక్కువైతే మూత్రాశయం వాచే పిల్లులు ఉంటాయి. దారి పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఎనిమిదేళ్ళు పిల్లిని పెంచిన నాకు ఇదంతా ఆ రాత్రే తెలిసింది.

"మారింది. కుక్కని తెచ్చుకున్నాం" అన్నాను.

"ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు."

ఆయన ఇంకేమీ అనలేదు. క్యాథెటర్ వెయ్యడానికి అసిస్టెంట్‌ని పిలిచారు. ఏదో ఒక మాట అనుంటే బావుండేది, నేను సమాధానం చెప్పుకునేదాన్ని. బయట బెంచీ మీద కూచుని అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. కుక్క ఫోటో కింద ఎవరో కొత్తగా రాశారు: "నీలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయి." గాజు తలుపు అవతల బెల్లానికి మత్తు ఇస్తున్నారు. ఆ మెచ్చుకోలు నా ఖాతాలో పడుతోంది, దాని ఖర్చు ఇంకెవరో కడుతున్నారు అని మొదటిసారి తోచింది అక్కడే.

*

మిరియం మా ఇంటికి రావడం రెండు విడతలుగా జరిగింది. ఆ రెండూ ఒకటే అనుకోవడంలోనే నా తప్పంతా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటి విడత పోయినేడు జూన్ చివర్లో. వాన పడుతున్న రాత్రి, నల్లకుంటలో మా వీధి చివర టిఫిన్ బండి పెట్టే చోట, ఏదో వాహనం కొట్టేసి పోయింది. నల్లటి చిన్న ఆడకుక్క, వెనక కుడికాలు వేలాడుతోంది. ఆటో అతను సీటు మీద గోనెపట్టా పరిచి, డబ్బులు మాత్రం మామూలుగానే తీసుకున్నాడు. కాలికి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. వీధి కుక్కల్ని తాత్కాలికంగా ఉంచుకునే ఒకావిడ ఇంట్లో ఏడు వారాలు ఉంది. ఆ ఏడు వారాల్లోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా, గుర్తుగా చెవి కొసన చిన్న గాటు, అన్నీ అయ్యాయి. ఈ విడతలో నేను ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. రోడ్డు మీద రక్తం కారుతున్న ప్రాణిని ఎత్తుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

రెండో విడత ఆగస్టులో. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషనూ టీకా అయిన వీధికుక్కని పట్టిన చోటే వదలాలి. అంటే మిరియానికి ఒక చోటు ఉంది. టిఫిన్ బండి అతను నన్ను రెండుసార్లు అడిగాడు, "ఆ నల్లది ఎట్లుంది మేడమ్? తోల్కొస్తరా?" అని. రోజూ విరిగిన ఇడ్లీలు దానికోసం ఒక కాగితంలో పక్కన పెట్టేవాడట. కానీ అది కుంటుతోంది. కుంటే కుక్కకి వీధిలో మిగతా కుక్కల మధ్య బతుకు కష్టం. ఇది నేను చెప్పుకునే కారణం, అబద్ధం కూడా కాదు.

చెప్పుకోని కారణం ఒకటుంది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమంది, మళ్ళీ వదలొద్దంది. 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని మార్చి, రేబీస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలమంది. ఆ పదకొండు రోజులూ నా ఫోన్ నిండా కుక్కలే. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండు వర్గాలు. అంబర్‌పేట మాకు కూతవేటు దూరం. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఒక చిన్న పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ సంగతి ఎత్తినవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. జవాబు లేనప్పుడు ఏదో ఒకటి చేసి చూపించాలనిపిస్తుంది. పంద్రాగస్టు మర్నాడు, శనివారం, మిరియాన్ని ఇంటికి తెచ్చేశాను. గ్రూపులో ఫోటో పెట్టాను.

అమ్మకి ముందురోజు రాత్రి చెప్పాను. అడగలేదు, చెప్పాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. చిన్నప్పుడు తెనాలి దగ్గర వాళ్ళ ఊళ్ళో పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్న మనిషి. ఇప్పటికీ వీధిలో కుక్క ఎదురైతే రోడ్డు దాటి అటుపక్క నుంచి నడుస్తుంది. "నీ ఇష్టం" అంది. మన ఇళ్ళలో "నీ ఇష్టం" అంటే అర్థమేమిటో తెలియనట్టు, దాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాను. పేరు విన్నాక మాత్రం, "బెల్లం, మిరియం కలిస్తే కషాయమేనే" అంది.

బెల్లానికి చెప్పడం కూడా జరగలేదు.

*

పద్ధతి తెలియక కాదు. అన్ని చోట్లా ఒకటే చెప్తారు. కొత్త కుక్కని ముందు ఒక గదిలో విడిగా ఉంచాలి. కుక్కని తుడిచిన తువ్వాలు పిల్లి దగ్గరా, పిల్లి పడుకున్న గుడ్డ కుక్క దగ్గరా పెట్టాలి. మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె పెట్టి, రోజురోజుకీ తలుపు దగ్గరికి జరపాలి. ఆ తర్వాత జాలీ గేటు, ఒకదాన్నొకటి చూసుకుంటాయి గానీ అందుకోలేవు. ఆ తర్వాతే గొలుసు పట్టుకుని ఒకే గదిలో. పిల్లి ఎక్కి కూచోడానికి ఎత్తైన చోటు ఉండాలి. ఒక మెట్టు మీద పిల్లి మామూలుగా తింటూ, మామూలుగా నిద్రపోతూ ఉంటేనే ఇంకో మెట్టు. వారాలు పట్టచ్చు, నెలలు పట్టచ్చు.

దీన్ని నేను పరిచయం చేసే పద్ధతి అనుకున్నాను. అది నిజానికి అడిగే పద్ధతి. పిల్లికి మాట రాదు కాబట్టి గిన్నెతో అడుగుతాం. తలుపు అవతల కుక్క వాసన వస్తూండగా గిన్నె ఖాళీ చేస్తే "సరే" అని. ముట్టకుండా వెళ్ళిపోతే "ఇంకా వద్దు" అని. ఇంతకంటే తేటగా ఏ ప్రాణీ జవాబు చెప్పలేదు.

నేను ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టాను. మూడో రోజు రాత్రి బెల్లం గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. నాలుగో రోజు సెలవు అయిపోయింది. తలుపు తీసేశాను.

మిరియం ఒక్కసారే తరిమింది. వీధిలో పిల్లి కనిపిస్తే తరమడం దానికి తెలిసిన మర్యాద, దాన్ని తప్పు పట్టలేం. బెల్లం బీరువా మీదకి ఎక్కేశాడు. ఆ తర్వాత అయిదు రోజులు దాదాపు అక్కడే ఉన్నాడు. నేను లేనప్పుడు మాత్రమే దిగి ట్రేకి వెళ్ళేవాడనుకుంటా, లేదా వెళ్ళకుండా ఆపుకునేవాడు. ఆ అయిదు రోజుల్లో వాడి ఫోటో ఒకటి తీశాను. పైన బెల్లం, కింద మిరియం, ఇద్దరూ కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకుంటున్నారు. "మేనేజ్‌మెంట్‌కీ యూనియన్‌కీ చర్చలు జరుగుతున్నవి" అని రాశాను. అందరికీ తెగ నచ్చింది. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే బెల్లం చెవులు వెనక్కి వాలి తలకి అతుక్కుని ఉన్నాయి, కంటిపాపలు నల్లగా విచ్చుకుని ఉన్నాయి. భయపడుతున్న జంతువు ఫోటో అది. నేను తీశాను, నేను కింద జోకు రాశాను, నాకు కనపడలేదు.

*

పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా అంటారు. ఉట్టి మీద పాలు అందక పిల్లి కింద కూచుని శపిస్తుందట, తాడు తెగదట. చిన్నప్పటినుంచీ వింటున్న సామెతే. ఎవరైనా చేతకాని కోపం చూపిస్తే నవ్వుకుంటూ అంటాం. ఆ కోపం న్యాయమా కాదా అని మాత్రం సామెత అడగదు. తాడు తెంపే బలం లేదు కనక శాపానికి విలువ లేదు, అంతే లెక్క. బీరువా మీద బెల్లం అయిదు రోజులు నన్ను శపిస్తూనే ఉన్నాడు. ఉట్టి తెగలేదు, వాడి ఒంట్లోనే ఏదో తెగింది.

కుక్కలకి మన పుస్తకాల్లో ఇంతకంటే మంచి చోటే ఉంది. భారతం ఒక కుక్క ఫిర్యాదుతో మొదలై ఒక కుక్క ప్రయాణంతో ముగుస్తుందని చెప్పచ్చు. ఆదిపర్వంలో జనమేజయుడి యాగం దగ్గరికి వచ్చిన కుక్కపిల్లని అతని తమ్ముళ్ళు కొడతారు. అది హవిస్సు నాకలేదు, కనీసం అటు చూడలేదు. తల్లి సరమ వచ్చి, నా కొడుకు చేసిన తప్పేమిటని అడుగుతుంది. ఎవరూ జవాబు చెప్పరు. అప్పుడు శపిస్తుంది, అనుకోని భయం వచ్చి పడుతుందని. ఆ శాపానికి జనమేజయుడు హడలిపోయి, దాన్ని శాంతింపజేసే పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరుగుతాడు. దేవతల కుక్క కాబట్టి సరమ శాపానికి విలువ ఉంది. మనం శాపాలని కూడా హోదా చూసే లెక్కలోకి తీసుకుంటాం.

ఆస్పత్రి బెంచీ మీద నాకు గుర్తొచ్చింది మాత్రం రెండో కుక్క. కుక్కల్ని చేరదీసేవాళ్ళందరికీ ఇష్టమైన కథ అది. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్ళూ ఒక్కొక్కరే పడిపోతారు, ధర్మరాజు వెనక్కి తిరగడు. చివరికి మిగిలింది వెంట వచ్చిన కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలి ఎక్కమంటాడు. నమ్మి వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. ఇంతవరకూ అందరం చెప్పుకుంటాం, నేనూ ఒక ఫోటో కింద రాశాను.

కానీ ఆ కథలో ధర్మరాజు పణంగా పెట్టింది తన స్వర్గం. తన సుఖాన్ని తను వదులుకోడానికి సిద్ధపడ్డాడు, అందుకే ఆ మాటకి బరువుంది. నేను మిరియం కోసం వదిలేసింది బెల్లం స్వర్గం. ఆ కిటికీ గట్టు, ఆ మధ్యాహ్నపు ఎండ, నా మంచం కాళ్ళ దగ్గర చోటు, భయం లేకుండా ట్రేకి వెళ్ళి రావడం. అవి నావి కావు, దానం చెయ్యడానికి. ఆ కథలోనే ఇంకో మాట ఉంది. తమ్ముళ్ళనీ భార్యనీ వదిలినవాడివి కుక్కనెందుకు వదలవని ఇంద్రుడు అడిగితే, వాళ్ళు చనిపోయారు, బతికుండగా నేను వాళ్ళని వదల్లేదు అంటాడు ధర్మరాజు. నాకు ఆ తప్పించుకునే దారి కూడా లేదు. గాజు తలుపు అవతల బెల్లం బతికే ఉన్నాడు.

*

బెల్లాన్ని వినాయక చవితి నాడు ఇంటికి తెచ్చాను. వీధి చివర మండపంలో మైకు. అమ్మ పత్రి ఏరుకుంటూ, "ఇప్పుడేం చేద్దామనే?" అని మాత్రం అడిగింది.

సలహాలకి లోటు లేదు. మిరియాన్ని ఉంచుకున్నావిడ, "కుదరకపోతే వెనక్కి ఇచ్చెయ్యండి, ఏమీ అనుకోను" అంది. మా పిన్ని, "పిల్లిని మా పాలవాళ్ళింటికి పంపెయ్, హాయిగా ఎలకల్ని పట్టుకుంటుంది" అంది. ఇద్దరూ ప్రేమగానే అన్నారు. అప్పటికి మిరియం నేను బాత్రూములోకి వెళ్తే తలుపు బయట కూచోవడం మొదలుపెట్టింది. దాన్ని చూసి అందరూ విశ్వాసం, కృతజ్ఞత అంటారు. నాకు అలా అనిపించలేదు. అది కృతజ్ఞత కాదు, లెక్క. ఇంతకుముందు ఒక చోటు పోయింది, ఇది పోకుండా కాపలా కాస్తోంది. ఆ చోటు పోగొట్టినదాంట్లో ఆ వాహనంతో పాటు నా పాత్రా ఉంది.

ఒక ఫ్రెండ్‌తో ఇదంతా చెప్తే విసుక్కున్నాడు. "అందరి అనుమతీ తీసుకుని మంచి చెయ్యాలంటే లోకంలో ఎవ్వరూ ఏదీ చెయ్యరు. నువ్వు ఆ రాత్రి మీ పిల్లిని అడిగుంటే ఆ కుక్క చచ్చిపోయేది" అన్నాడు. నిజమే. అందుకే రెండు విడతలన్నాను. ఎత్తుకున్న రాత్రి వేరు, ఉంచుకున్న రోజు వేరు. ఎత్తుకున్న రాత్రికి గడువు నిమిషాల్లో ఉంది. ఉంచుకోడానికి నాకు ఏడు వారాలు గడువుంది, ఇంకో ఏడు వారాలు తీసుకున్నా ఎవరూ చచ్చిపోరు. కానీ మనం రెండో పనిని కూడా మొదటిదాని తొందరతోనే, మొదటిదాని గర్వంతోనే చేస్తాం. రోడ్డు మీద పుట్టిన అత్యవసరాన్ని ఇంట్లోకి తెచ్చి, ఇంట్లోవాళ్ళ నోరు మూయించడానికి వాడతాం. కుక్కల విషయంలోనే కాదు. పెద్ద మనసుతో చుట్టాల్ని నెలల తరబడి ఇంట్లో పెట్టుకున్న తాతయ్యల కథలు మన అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. ఆ నెలలన్నీ వంటింట్లో ఎవరున్నారో ఆ కథల్లో ఉండదు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నాడు వాడు.

నాకు తోచింది ఒకటే. చేసిన మంచికి అయ్యే ఖర్చుని వీలైనంత నా పేరు మీదకి మార్చుకోవడం. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. నా పడగ్గది బెల్లానికి ఇచ్చేశాను. హాలూ బాల్కనీ మిరియానివి, మధ్యలో జాలీ గేటు. వంటిల్లూ అమ్మ గదీ కుక్క రాని ప్రాంతం. నేను ఒక రాత్రి హాల్లో చాప మీద, ఒక రాత్రి పడగ్గదిలో. పొద్దున్న ఆరింటికీ రాత్రి పదింటికీ మిరియంతో నడక. డిసెంబర్లో పుదుచ్చేరి వెళ్దామనుకున్నది మానేశాను. ఫోటోలు పెట్టడం మానేశాను, ఇది అన్నిటికంటే కష్టమైంది అని ఒప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

ఇలా చెప్తే ఇంకో ప్రశ్న వస్తుంది. విడి గది ఉన్నవాళ్ళే, ఖర్చు పెట్టగలిగినవాళ్ళే మంచి చెయ్యాలా అని. టిఫిన్ బండి అతన్ని చూశాక ఆ ప్రశ్నకి నేను భయపడటం లేదు. అతనికి విడి గది సంగతి నాకు తెలియదు. రోజూ రెండు విరిగిన ఇడ్లీలు, అవి అతనివి. ఇంకెవరి కంచంలోంచీ తియ్యలేదు, ఇంకెవరి చోటూ కుదించలేదు. అతని దయ చిన్నది కాదు, సరిగ్గా అతని కొలతకి ఉంది. నాదే నా కొలత దాటింది.

ఖర్చంతా నా పేరు మీదకి మారిందా అంటే, లేదు. జనవరిలో బెల్లానికి మళ్ళీ ఒకసారి అలాగే అయింది, ఈసారి తొందరగా పట్టుకున్నాం. వాడికి ఇక వేరే తిండి, తడి తిండే ఎక్కువ, ఎప్పటికీ. రాత్రిళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకోవడం మానేశాడు. నా బట్టలకి కుక్క వాసన వేస్తుందేమో, లేక ఇంకేదైనానేమో. మిరియం గేటు దగ్గర కూచుని, నేను లోపల ఉన్న రాత్రుళ్ళు సన్నగా ఏడుస్తుంది. వీళ్ళిద్దరూ ఒకే దుప్పటి మీద పడుకునే ఫోటో ఎప్పటికైనా వస్తుందేమో తెలీదు. అది రావాలని కోరుకోవడం కూడా తగ్గించుకుంటున్నాను. స్నేహం నా అవసరం. వాళ్ళకి కావలసింది భయం లేకపోవడం.

పోయిన వారం అమ్మ మిరియానికి పెరుగన్నం పెడుతోంది. పెట్టడమంటే, గిన్నె నేల మీద పెట్టి, చీపురు కర్రతో ముందుకి తోసి, వెనక్కి జరిగి నిలబడటం. ఎవరూ చెప్పకుండానే ఈ మధ్య మొదలుపెట్టింది. అప్పుడు అడిగాను.

"అమ్మా, దీన్ని మనం ఉంచుకుందామా?"

"ఇప్పుడా అడుగుతున్నావు?"

"ఇప్పుడే."

కాసేపు మిరియం తినడం చూసింది. "రాత్రి తొమ్మిది దాటాక నా గది వైపు రానివ్వకు. నేను నీళ్ళకి లేస్తాను, చీకట్లో దాని కళ్ళు చూస్తే నాకు భయం. దాన్ని ముట్టుకోమని మాత్రం నన్ను ఎప్పుడూ అడక్కు. ఉండనీ."

"నీ ఇష్టం" అనలేదు. షరతులు పెట్టింది. అడిగితే వచ్చే జవాబు ఇలా ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

నిన్న రాత్రి బెల్లం గిన్నెని గేటుకి ఇంకో జానెడు దగ్గరగా పెట్టాను. అవతల మిరియం పడుకుని ఉంది. వాడు చాలాసేపు చూసి, సగం తిని, మంచం కిందకి వెళ్ళిపోయాడు. ఇవాళ గిన్నె జానెడు వెనక్కి జరిపాను.